అక్షరమును సేవయు: ఆంధ్ర మహిళా సభ చరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు రజతోత్సవమున ఒక మహిళా సంఘము చరిత్రను ప్రసంగ విషయముగా గ్రహించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును, మహిళా సమాజోద్యమమును ఒకే ఇంటి గడప దాటి బయలుదేఱినవి. 1901వ సంవత్సరమున హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. దాని స్థాపకులలో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ముఖ్యులు. ఆ మఱుసటి సంవత్సరమే, అనగా 1902లో, వారి అక్కగారైన బండారు అచ్చమాంబగారు ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిరి. తమ్ముడు పుస్తకములకు ఇల్లు చూపెను. అక్క ఆ పుస్తకములు చదువవలసిన స్త్రీలను ఒకచోట చేర్చెను.

ఈ రెండు ప్రయత్నములకును గల సంబంధము కేవలము బంధుత్వము వలన ఏర్పడినది కాదు. గ్రంథాలయపు తలుపు ఎంత బార్లగా తెఱచియున్నను అక్షరము రానివారికి అది మూసిన తలుపే. 1901 నాటి జనాభా లెక్కలలో ఈ దేశమున చదువను వ్రాయను నేర్చిన స్త్రీలు నూటికి ఒక్కరైనను లేరు. స్వరాజ్యము వచ్చిన పిదప 1951లో తీసిన లెక్కలలో సైతము ఆ సంఖ్య నూటికి 9 మందికి మించలేదు. ఊరికొక పుస్తక భాండాగారము వెలసినను, ఆనాటి స్త్రీలలో అత్యధిక సంఖ్యాకులకు పుస్తకము కాగితముల కట్టయే.

బాలికా పాఠశాలలు లేకపోవుటయే ఇందుకు కారణమని చెప్పుట సగము సత్యము మాత్రమే. పాఠశాలలు గల ఊళ్ళలో సైతము ఎందఱో బాలికలు ఎనిమిదవ యేటనో, తొమ్మిదవ యేటనో పెండ్లిపీటలమీద కూర్చుండి, పలకను అటకమీద పెట్టిరి. 1929లో చేయబడిన శారదా శాసనము 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, బాలికల వివాహమునకు కనీస వయస్సును 14 ఏండ్లుగా నిర్ణయించెను. చట్టము వచ్చినను ఆచారము ఒక్కనాట మాఱలేదు. ఒకమాఱు బడి మానిన పిల్లకు తిరిగి బడికి పోవు దారి లేకపోయెను.

ఇరువదియేండ్ల యువతి యొకతె భర్తను పోగొట్టుకొనియో, భర్తచే విడువబడియో, చంకలో బిడ్డతో పుట్టింటికి వచ్చినదనుకొందురుగాక. ఆమెను ఏ తరగతిలో కూర్చుండబెట్టవలెను? ఆఱేండ్ల పిల్లల నడుమ ఒకటవ తరగతిలో కూర్చుండుటకు ఆమె సిగ్గుపడును. పై తరగతిలో చేర్చుకొనుటకు నియమములు ఒప్పవు. ఉపాధ్యాయినిగానో, నర్సుగానో శిక్షణ పొంది తన కాళ్ళపై నిలువవలెనన్నచో, అందుకు ముందు ఒక పరీక్షలో ఉత్తీర్ణత కావలెను. ఆ పరీక్షకు పోవుటకు బడి కావలెను. బడికి పోవుటకు వయస్సు మించిపోయెను. పుట్టింట అన్నము దొరకినను, అది వదినగారి చేతి అన్నము. ఈ చిక్కుముడిని విప్పుటకు పూనుకొని, చాలవఱకు విప్పి చూపిన సంస్థ ఆంధ్ర మహిళా సభ. దాని చరిత్రలో గ్రంథాలయములు గ్రహింపవలసిన అంశమును ఇదియే.

సభ శూన్యమునుండి పుట్టలేదు. దానికి ముందు నడచినవారు కలరు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను పెట్టిరి. 1883లో స్త్రీలకొఱకు "సతీహితబోధిని" పత్రికను ప్రారంభించిరి. అవి పురుషులు స్త్రీలకొఱకు చేసిన పనులు. స్త్రీలు తమకొఱకు తామే చేయు పనికి అచ్చమాంబగారు దారితీసిరి. 1874లో పుట్టిన ఆమెకు బడిచదువు లేదు. పదేండ్ల ప్రాయముననే వివాహమయ్యెను. తమ్ముడు చదువుకొనుచుండగా చెంత కూర్చుండి తాను నేర్చుకొనెను. అట్లు నేర్చిన విద్యతో "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను పేర ఉత్తమ స్త్రీల చరిత్రములను వ్రాసెను. ఊరూర తిరిగి స్త్రీ సమాజములను స్థాపింపజేసెను. 1905లో, ముప్పదియేండ్ల వయస్సున, ప్లేగు సోకినవారికి పరిచర్య చేయుచు ఆ వ్యాధికే బలియయ్యెను. గ్రంథరచనయు, రోగుల సేవయు ఆమెకు రెండు వేర్వేఱు పనులుగా తోచలేదు.

ఆ తరువాత 1922లో గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారును, వారి సతీమణి లక్ష్మీబాయమ్మగారును శారదానికేతనమును స్థాపించి, స్త్రీలకు, అందు ముఖ్యముగా వితంతువులకు, విద్య గఱపిరి. 1931లో కనుపర్తి వరలక్ష్మమ్మగారు బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని నెలకొల్పిరి. ఆమె కథలు వ్రాసెను. "శారద లేఖలు" వ్రాసెను. వాటితోపాటు ఇరుగుపొరుగు స్త్రీలను కూడగట్టెను. ఇట్లు తెలుగు స్త్రీల సమాజములలో సాహిత్యమును, సేవయు మొదటినుండియు కలిసి నడచినవి. అయినను వీటిలో పెక్కు ఒక్కొక్క పట్టణమునకు పరిమితములై యుండెను. ఆ పనిని దేశమంతకు అనుసరణీయమైన పద్ధతిగా మలచినది దుర్గాబాయమ్మగారు.

దుర్గాబాయమ్మగారు 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిరి. పెరిగినది కాకినాడలో. ఎనిమిదవ యేట ఆమెకు వివాహమయ్యెను. యుక్తవయస్సు వచ్చిన పిదప ఆ సంబంధమును ఆమె అంగీకరింపక, మఱొక వివాహము చేసికొనుమని భర్తకు తానే చెప్పి, తన దారి తాను చూచుకొనిరి. ఈ సంగతిని దాచవలసిన పనిలేదు. తరువాతి కాలమున సభ వాకిటికి వచ్చిన స్త్రీలు ఏ బాధలు పడి వచ్చిరో, అవి ఆమెకు పుస్తకములలో చదివి తెలిసికొనవలసినవి కావు.

బడిలో ఆంగ్లమును బలవంతముగా నేర్పుటను నిరసించి ఆమె చిన్నతనముననే చదువు మానిరి. కాని చదువు మానినంత మాత్రమున ఊరకుండలేదు. హిందీ నేర్చుకొనిరి, నేర్చిన హిందీని కాకినాడలో స్త్రీలకు నేర్పుటకు బాలికా హిందీ పాఠశాలను పెట్టిరి. 1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినపుడు, దేవదాసీ స్త్రీలును, ఘోషాలోనుండు ముస్లిం స్త్రీలును ఆయన మాట వినవలెనని ఆమె కోరిరి. నిర్వాహకులు 5,000 రూపాయల నిధి కావలెననిరి. ఆ సొమ్మును దేవదాసీ స్త్రీలే సమకూర్చిరి. సభ జరిగినది, స్త్రీలు తమ నగలు సైతము ఒలిచి ఇచ్చిరి. గాంధీజీ హిందీలో చెప్పిన మాటలను తెలుగున వినిపించినది ఆ పండ్రెండేండ్ల బాలికయే. సంఘము ఎవరిని పంక్తినుండి లేపివేసెనో, వారినే ముందు వరుసలో కూర్చుండబెట్టవలెనను బుద్ధి ఆమెకు ఆనాడే కలిగెను.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగెను. ఆ సందర్భమున ఏర్పఱచిన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద దుర్గాబాయమ్మగారు స్వచ్ఛంద సేవకురాలుగా నిలిచిరి. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకయే వచ్చిరి. ఆమె అడ్డగించిరి. టిక్కెట్టు తెచ్చిన పిదపనే లోనికి విడిచిరి. నెహ్రూ ఆ బాలిక కర్తవ్య నిష్ఠను మెచ్చుకొనిరి. ఈ కథ పలుమాఱులు చెప్పబడినదే. అయినను సంస్థలను నడపువారికి ఇందు ఒక పాఠము కలదు. గొప్పవారికొక నియమము, సామాన్యులకొక నియమము గల సంస్థ చిరకాలము నిలువదు.

ఉప్పు సత్యాగ్రహమునాటినుండి 1933 వఱకు ఆమె మూడుమాఱులు కారాగారమునకు పోయిరి. మదుర చెఱసాలలో ఒంటరి కొట్టడిలో ఉండవలసి వచ్చి ఆరోగ్యము చెడిపోయెను. చెఱసాలలలో ఆమె కంటబడినవారు రాజకీయ ఖైదీలు మాత్రమే కారు. తమపై మోపిన నేరము ఏదియో, కాగితముమీద ఏమి వ్రాసియున్నదో తెలియక వ్రేలిముద్ర వేసి శిక్ష ననుభవించు నిరక్షరాస్యలైన స్త్రీలను ఆమె చూచిరి. అక్షరము రాకపోవుట ఒక లోటు మాత్రమే కాదు, అది మనిషిని చెఱసాలకు సైతము ఈడ్చుకొనిపోగలదని అక్కడ తెలిసినది. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము కలుగుటకు ఇది ఒక కారణము.

కాని న్యాయశాస్త్రమునకు పోవు మార్గమున తొలి మెట్టైనను ఆమె ఎక్కియుండలేదు. ఇరువది దాటిన వయస్సున మరల మొదటినుండి చదువ మొదలుపెట్టిరి. పాఠశాలలో వరుసగా తరగతులు చదువనివారు ఇంటివద్ద చదువుకొని వ్రాయుటకు అవకాశమిచ్చిన కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షను వ్రాసి ఉత్తీర్ణురాలైరి. పిదప వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరబోగా, స్త్రీలకు వసతిగృహము లేదను అడ్డంకి వచ్చెను. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. చదువదలచిన స్త్రీలు ఇంకెవ్వరైన ఉన్నచో తెలుపవలసినదని ఆమె పత్రికలో ప్రకటన వేయించిరి. కొందఱు స్త్రీలు ముందుకు వచ్చిరి. అందఱును కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసికొని వసతిగృహము నడిపిరి. 1939లో ఆమె ఆనర్సు పట్టమును, తరువాత మదరాసున న్యాయశాస్త్ర పట్టమును పొంది, హైకోర్టులో వకీలైరి.

ఆనాటి మదరాసును గుఱించి ఒక మాట చెప్పవలసియున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువఱకు తెలుగు జిల్లాలకు ముఖ్యపట్టణము మదరాసే. తెలుగు పత్రికలు పెక్కు అచటనే అచ్చగుచుండెను. డాక్టరు కె. ఎన్. కేసరిగారు 1928లో స్థాపించిన "గృహలక్ష్మి" పత్రిక స్త్రీల రచనలకు చోటిచ్చి, ఉత్తమ రచయిత్రులను స్వర్ణకంకణముతో సత్కరించెను. చదువునకు, వైద్యమునకు, కోర్టు వ్యవహారములకు గుంటూరునుండి, గోదావరినుండి, రాయలసీమనుండి కుటుంబములు ఆ నగరమునకు వచ్చుచుండెను. అయినను ఒంటరి తెలుగు స్త్రీకి అచట నిలువనీడ దొరకుట దుర్లభము.

ఇట్టి స్థితిలో 1937వ సంవత్సరమున మైలాపూరులో దుర్గాబాయమ్మగారు బాలికలను చేర్చి, "లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్" అను పేర ఒక చిన్న బృందమును ఏర్పఱచిరి. బందరున అచ్చమాంబగారి సమాజమునకును బృందావనమనియే పేరు; యాదృచ్ఛికమైనను ముచ్చటైన కలయిక. హిందీ చదువు, ఆటపాటలు, ఇవియే ఆ బాలికల కార్యక్రమము. ఆ బృందమునకు తోడుగా పెద్ద స్త్రీల విభాగమొకటి ఏర్పడెను. ఆ విభాగమే ఆంధ్ర మహిళా సభ. అనగా ఈ మహాసంస్థకు మొదటి మూలధనము సొమ్ము కాదు, భవనము కాదు. సాయంకాలపు వేళ పదిమంది కూడి ఏదైన నేర్చుకొందమను కోరిక. గ్రామ గ్రంథాలయములలో పెక్కింటికిని పుట్టుక ఇట్టిదే గదా!

సభ కాలక్షేప సంఘముగానే మిగిలిపోయినచో ఈనాడు దానిని తలంచుకొను పని యుండెడిది కాదు. దాని వాకిటికి ఒక్కొక్కరుగా స్త్రీలు వచ్చి, తాము కోరునది ఏమో చెప్పిరి. వితంతువులు వచ్చిరి, భర్తలు విడిచినవారు వచ్చిరి, బడిచదువు నడుమ ఆగిపోయినవారు వచ్చిరి. వారు కోరినది జాలి కాదు; ఆధారము. ఆ ఆధారమునకు తాళపుచెవి పరీక్ష. అందుచేత దుర్గాబాయమ్మగారు తాము ఏ దారిని నడచి వచ్చిరో, ఆ దారినే ఇతరులకును చూపిరి. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు వయోజన స్త్రీలను సిద్ధముచేయు తరగతులను సభలో ప్రారంభించిరి. దూరపు ఊళ్ళనుండి వచ్చువారికి వసతిగృహము ఏర్పడెను. బడిలో ఏండ్ల తరబడి సాగు చదువును రెండు మూడేండ్లలో పూర్తిచేయు పద్ధతి ఇట్లు రూపొందెను.

ఇది ఎట్లు సాధ్యమయ్యెనని కొందఱికి సందేహము కలుగవచ్చును. ఆలోచించినచో ఇందు అద్భుతమేమియు లేదు. ఆఱేండ్ల పిల్లకు అక్షరముతోపాటు లోకమును కూడ నేర్పవలెను. ఇరువదియేండ్ల స్త్రీకి లోకము తెలియును. కుంచమునకు ఎన్ని మానికలో, మానికకు ఎన్ని సోలలో ఆమె ఎఱుగును. పాలవాని లెక్కను గోడమీద బొగ్గుగీతలతో సరిచూడగలదు. పురాణ కాలక్షేపములలో రామాయణ భారతములను విని విని కథలను, మంచి తెలుగును ఒంటబట్టించుకొన్నది. ఆమెకు తక్కువైనది తెలివి కాదు. తెలిసినదానిని గుర్తులలో పెట్టు విద్య. అందులకు పది సంవత్సరములు అక్కఱలేదు. అన్నిటికంటె ముఖ్యముగా, చదువు తనకు ఎందుకో ఆమెకు తెలియును.

పరీక్షతో సభ పని ముగియలేదు. పరీక్షయైన పిదప పని చూపవలెను. అందుచేత కుట్టుపని, నేత మొదలగు చేతిపనుల శిక్షణ వచ్చెను. ఉపాధ్యాయినుల శిక్షణ వచ్చెను. వైద్యశాలయు, నర్సుల శిక్షణయు వచ్చెను. ఒక్కొక్క శాఖ ఒక్కొక్క అవసరమునుండి పుట్టెను. చదివిన స్త్రీకి పని కావలెను. ప్రసవమునకు వచ్చు పేదరాలికి నర్సు కావలెను. ఒకరి అవసరము మఱొకరి జీవనమయ్యెను. నిన్న సహాయము కోరి వచ్చిన స్త్రీ నేడు సహాయము చేయు స్త్రీగా నిలిచెను. దానమునకును, సేవకును గల భేదమిదియే. దానము పుచ్చుకొన్నవాని చేయి ఎప్పటికిని క్రిందనే యుండును. నిజమైన సేవ ఆ చేతిని పైకెత్తును.

సాహిత్యమును సభ విడిచిపెట్టలేదు. దుర్గాబాయమ్మగారి సంపాదకత్వమున "ఆంధ్ర మహిళ" అను పత్రిక వెలువడెను. సభ తరగతులలో అక్షరము నేర్చిన స్త్రీకి చదువుటకు తగిన పత్రిక, వ్రాయదలచిన స్త్రీకి తన పేర అచ్చులో చూచుకొను చోటు, దూరపు ఊళ్ళలోని స్త్రీలకు ఇటువంటి పని జరుగుచున్నదను వార్త, ఇన్నియును దాని వలన సమకూడెను.

స్వాతంత్ర్యము వచ్చుటతో ఈ పద్ధతికి సభ గోడలు దాటు అవకాశము కలిగెను. దుర్గాబాయమ్మగారు 1946లో రాజ్యాంగ పరిషత్తు సభ్యులైరి. 1952లో ప్రణాళికా సంఘ సభ్యులైరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి తొలి అధ్యక్షురాలైరి. ఆ సంవత్సరమే ఆర్థిక మంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌గారితో ఆమెకు వివాహము జరిగెను. నాటినుండి ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్ అను పేర ప్రసిద్ధిచెందిరి.

మండలి పని తీరులో మైలాపూరు అనుభవము కనబడును. సేవ చేయు స్వచ్ఛంద సంస్థలు దేశమంతట నుండినను వాటికి ధనబలము లేదు. ప్రభుత్వమునకు ధనమున్నను గుమ్మము గుమ్మమునకు పోవు మనుష్యులు లేరు. ఈ రెండింటిని కలుపుటయే మండలి ఉద్దేశము. 1954లో గ్రామములకొఱకు సంక్షేమ విస్తరణ పథకములు ఆరంభమైనవి. సుమారు 25 గ్రామములకు ఒక పథకము చొప్పున బాలవాడి, ప్రసూతి సహాయము, చేతిపనులు, స్త్రీలకు చదువు ఏర్పాటయ్యెను. పని మొదలుపెట్టగనే పాత చిక్కే మరల ఎదురయ్యెను. గ్రామసేవికలుగా, బాలసేవికలుగా, దాదులుగా పనిచేయుటకు పల్లెలలో చదువుకొన్న స్త్రీలు దొరకలేదు. పట్టణములనుండి వచ్చినవారు పల్లెలలో నిలువలేదు.

దానికి మందు ఎక్కడ నున్నదో దుర్గాబాయమ్మగారికి తెలియును. 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా పథకమును ప్రారంభించెను. బడిచదువు నడుమ ఆగిపోయిన స్త్రీలను రెండేండ్లలో మాధ్యమిక తరగతి పరీక్షకో, మెట్రిక్యులేషన్‌కో సిద్ధముచేయుట ఆ పథకపు లక్ష్యము. స్వచ్ఛంద సంస్థలు తరగతులు నడిపినవి. మండలి ద్రవ్యసహాయము చేసినది. మదరాసులో ఒక మహిళా సంఘము తన వాకిటికి వచ్చిన స్త్రీలకొఱకు కల్పించుకొన్న ఉపాయము ఇట్లు దేశమంతటికి విద్యాపథకమయ్యెను. ఆ సంవత్సరమే స్త్రీవిద్యను గుఱించి విచారించుటకు భారత ప్రభుత్వము నియమించిన జాతీయ సంఘమునకు ఆమెయే అధ్యక్షత వహించిరి. ఆ సంఘము 1959లో తన నివేదికను సమర్పించెను.

సంక్షేమ విస్తరణ పథకములు తరువాతి కాలమున గ్రామ మహిళా మండలులకు అప్పగింపబడినవి. కొత్త సేవిక వచ్చి ఊరిలో నడపు కార్యక్రమము ఆ సేవికతో వచ్చి ఆమెతోనే పోవచ్చును. ఊరి స్త్రీలు తమదని తలంచి పట్టుకొన్న కార్యక్రమమే నిలుచును. అందుచేత మహిళా మండలి బలముగా నున్న ఊరికిని, అది పేరునకు మాత్రమే యున్న ఊరికిని ఫలితము ఒకటి కాజాలదు.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిదప సభ హైదరాబాదునందును వేళ్ళూనెను. మదరాసు శాఖ అడయారులో కొనసాగెను. అచట పోలియో వలన కాళ్ళుచేతులు చచ్చుపడిన పిల్లలకు చికిత్స చేయు కేంద్రము ఏర్పడెను. హైదరాబాదులో వైద్యశాల, మహిళా కళాశాల, శిక్షణ సంస్థలు ఒకదానివెంట ఒకటి వెలసినవి. సభ అచట సాక్షరతా భవనమును నెలకొల్పి, కొత్తగా అక్షరములు నేర్చిన పెద్దలకొఱకు వాచకములను సిద్ధముచేసెను. వయోజన విద్యకు చేసిన కృషికి దుర్గాబాయమ్మగారు 1971లో నెహ్రూ సాక్షరతా బహుమానమును, 1975లో పద్మవిభూషణ బిరుదమును పొందిరి. 1981 మే 9న ఆమె పరమపదించిరి.

ఇంత చరిత్ర చెప్పిన పిదప, ఇందు గ్రామ గ్రంథాలయమునకు పనికివచ్చునది ఏది అను ప్రశ్న మిగిలియున్నది. సభవలె వైద్యశాలలు కట్టుట, కళాశాలలు నడపుట గ్రామ గ్రంథాలయమునకు శక్యము కాదు. అది దాని పనియు కాదు. కాని సభ తొలినాటి పని, అనగా సాయంకాలము పదిమందిని కూడబెట్టి చదివించుట, ఏ గ్రామ గ్రంథాలయమునకైనను శక్యమే.

అందుకు మూడు విషయములు కావలెను. మొదటిది వేళ. పొలమునుండి వచ్చి, పొయ్యి ముట్టించి, పిల్లలకు పెట్టి, పశువుల పాలు పితికిన పిదపనే గ్రామ స్త్రీకి తీరిక. ఆ వేళకు గ్రంథాలయము తలుపు మూసివేయబడినచో, ఆమెకు సభ్యత్వమిచ్చియు ఇయ్యనట్లే. మధ్యాహ్నము భోజనములైన పిదప ఒక గంటయైనను స్త్రీలకొఱకు కేటాయింపవలెను. అరుగులమీద పురుషులు కూర్చుండి వార్తాపత్రికలు చదువుచుండగా లోనికి పోవుటకు వెనుదీయు స్త్రీలు గల ఊళ్ళలో పుస్తకమే గడపకు పోవలెను. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణానది కాలువలలో పడవమీద గ్రంథాలయమును నడిపి, తీరపు గ్రామములకు పుస్తకములు చేర్చిరి. నీటిమీద నడచిన గ్రంథాలయము వీథిలో నడువలేకపోదు.

రెండవది తగిన పుస్తకము. కొత్తగా అక్షరములు కూడబలుక్కొను స్త్రీకి ప్రబంధము నిచ్చినచో ఆమె పుస్తకమును కన్నులకద్దుకొని తిరిగి ఇచ్చివేయును. పెద్ద అక్షరములలో, చిన్న వాక్యములలో, ఆమెకు కావలసిన విషయములను చెప్పు పుస్తకములు ఒక అరనిండ యుండవలెను. వాడుక లేని అక్షరము తుప్పు పట్టిన కొడవలివంటిది. వయోజన విద్యా తరగతులలో నేర్చిన చదువు ఏడాది తిరుగకుండ మఱచిపోవుటకు కారణము నేర్చినవారి మందబుద్ధి కాదు. తరువాత చదువుటకు ఏమియు లేకపోవుటయే. తరగతి ఎక్కడ ముగియునో, గ్రంథాలయము అక్కడ ఆరంభము కావలెను.

మూడవది పని. చదివినది చదివినట్లే విడిచిపెట్టక, ఏదో ఒక పనిలో పెట్టుట. శిశుపోషణను గుఱించి చదివిన స్త్రీలు వాడలోని బాలింతలను చూచి రావచ్చును. ఉత్తరము వ్రాయ నేర్చినవారు వ్రాయలేనివారి ఉత్తరములు వ్రాసిపెట్టవచ్చును. బడి నడుమ మానిన ఊరి యువతులను గుర్తించి, వారిని పరీక్షలకు సిద్ధముచేయుటకు చదువుకొన్న స్త్రీలు పూనుకొనవచ్చును. అచ్చమాంబగారి నాటినుండి దుర్గాబాయమ్మగారి నాటివఱకు తెలుగు స్త్రీలు చేసినది ఇదియే. వారు చదువును ఆభరణముగా ధరింపలేదు, పనిముట్టుగా పట్టిరి.

కాలము మాఱినది. 2011 నాటి లెక్కలలో ఈ దేశపు స్త్రీలలో నూటికి సుమారు 65 మంది అక్షరాస్యులు. 1901లో నూటికి ఒక్కరైనను లేని స్థితినుండి ఇంతదూరము వచ్చుట సామాన్యమైన విషయము కాదు. ఆ దారిలో పెక్కు పాఠశాలల కృషియు, శాసనముల బలమును, పేరు తెలియని వేలకొలది ఉపాధ్యాయినుల చెమటయు కలదు. అయినను మిగిలిన 35 మంది ఎవరో ఆలోచింపవలెను. వారిలో ఎక్కువమంది పల్లెలవారు, పేదవారు, వయస్సు మీరినవారు. బడి వారిని తిరిగి పిలువదు. వారిని పిలువగలిగినది ఊరి నడుమనున్న గ్రంథాలయమే.

రజతోత్సవములలో పుస్తకముల సంఖ్యను, చందాదారుల సంఖ్యను లెక్కించి చదువుట ఆచారము. అది మంచి ఆచారమే. దానితోపాటు పుస్తకములు తీసికొనిపోవు పట్టీలో స్త్రీల పేర్లు ఎన్ని యున్నవో, వారిలో ముప్పదియేండ్లు దాటిన పిదప అక్షరము నేర్చినవారు ఎందఱో లెక్కించు ఆచారము కూడ ఏర్పడవలెను. ఆ సంఖ్య ఏటేట పెరుగుచున్నచో గ్రంథాలయము వర్ధిల్లుచున్నదని నిస్సందేహముగా చెప్పవచ్చును. పెరుగనిచో, బీరువాలు ఎన్ని నిండినను చేయవలసిన పని ఇంకను మిగిలియున్నదని గ్రహించి, కార్యవర్గమును, గ్రామ మహిళలును కలిసి ఆ పనికి పూనుకొందురుగాక!